ఎదుటి చేతిలో ఏముంది?



ఈ పూట పేకాట గురించి మాట్లాడతాను. జూదం మంచిదా చెడ్డదా అన్న చర్చతో మొదలుపెట్టను. ఆ మాట ఎలాగూ చివర్లో వస్తుంది. పేకాటలో ఒక చిన్న విద్య ఉంది. ఎదుటివాడి చేతిలోని ముక్కలు మనకు కనపడవు. అయినా ఆట సగానికి వచ్చేసరికి అతని దగ్గర ఏముందో, ఏ ముక్క కోసం కాచుకుని ఉన్నాడో కొందరు చెప్పేస్తారు. అదెలా సాధ్యం అన్నదే నా విషయం.

మా హార్స్లీ హిల్స్ మీద చలికాలం సాయంత్రాలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. పెద్దవాళ్లు ఇప్పటికీ ఏనుగు మల్లమ్మ కొండ అనే అంటారు. కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర వేసవికి అక్కడ ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరు కొండకు అతుక్కుపోయింది. నాలుగు వేల అడుగుల ఎత్తు. పొద్దు వాలితే గాలిబండ మీద నిలబడలేం. మదనపల్లె నుంచి, పుంగనూరు, కుప్పం నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన కుటుంబాలు గదుల్లోకి చేరి, దుప్పటి పరిచి, పేక తీస్తాయి. పదమూడు ముక్కలాట, అంటే రమ్మీ. పందెం చింతగింజలు. అలాంటి దుప్పటి మీదే మా మేనమామ ఒకాయన, బడిపంతులు, మా పిల్లమూకకు ఆట నేర్పాడు. మేమంతా ఎదుటివాళ్ల ముఖాలు చూస్తూ, ఎవరు నవ్వారు, ఎవరు కళ్లు తిప్పారు అని వెతుకుతూ ఉంటే ఆయన విసుక్కునేవాడు. "మొగం జూస్తే ఏముందిరా నాయనా, అది దేవుడిచ్చిండేది. కింద పడేసిండే ముక్క వాడిచ్చిండేది. దాన్ని జూడు."

సినిమాల్లో పేకాట సీను చూడండి. కళ్లద్దాలు, చుట్ట పొగ, నుదుటి మీద చెమట చుక్క. హీరో ఆ చెమట చూసి విలన్ చేతిలో ఏముందో కనిపెడతాడు. చూడటానికి బాగుంటుంది. నిజంగా ఆడేవాళ్ల దగ్గర కూర్చుంటే వాళ్లు ముఖాలకేసి చూడటం తక్కువ. వాళ్ల కళ్లు కింద పరిచిన ముక్కల మీద ఉంటాయి. ఎవరు ఏది ఎత్తారు, ఏది వదిలారు, ఏ క్రమంలో వదిలారు అన్నదే వాళ్ల లెక్క.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రెండు పేకలు కలిపితే జోకర్లు కాక 104 ముక్కలు. మనిషికి పదమూడు పంచుతారు. వంతు వచ్చినప్పుడు మూసిన పేక లోంచి ఒక ముక్క తీసుకోవచ్చు, లేదా ముందువాడు పడేసినది ఎత్తుకోవచ్చు. తర్వాత ఒకటి పడేయాలి. ఒకే రంగులో వరస ముక్కలు కలిస్తే సీక్వెన్సు. వేర్వేరు రంగుల్లో ఒకే అంకె మూడో నాలుగో కలిస్తే సెట్టు. అన్నీ ఇలా కుదిరినవాడు షో చూపిస్తాడు. మిగిలినవాళ్లు తమ చేతిలో కుదరని ముక్కల లెక్క మోస్తారు: బొమ్మలకూ ఆసుకూ పదేసి, తక్కినవాటికి అంకె ఎంతో అంత.

ఇక అసలు విషయం. మీరు ఇస్పేటు ఏడు పడేశారు. పక్కాయన వెంటనే ఎత్తుకున్నాడు. ఎత్తుకోవడం అంటే బాహాటంగా చెప్పడమే కదా, నాకిది కావాలి అని. అందుకే ఆట వచ్చినవాడు ఊరికే ఎత్తడు. ఏదో ఒకటి పూర్తవుతుందంటేనే ఎత్తుతాడు. కొత్తవాడు జత కలిసినా ఎత్తేస్తాడు. కాబట్టి ముందు పక్కాయన ఏ రకమో తెలుసుకోవాలి. వచ్చినవాడే అనుకుందాం. అతనికి ఏడు ఎందుకు? ఏడుల సెట్టు కావచ్చు. లేదా ఇస్పేటులో 5-6-7, లేకపోతే 6-7-8, అదీ కాకపోతే 7-8-9. మొత్తం నాలుగు దారులు.

రెండు వంతుల తర్వాత అతను ఆఠీను ఏడు పడేశాడు. ఏడుల సెట్టు కడుతున్నవాడు ఏడును వదలడు. ఒక దారి దాదాపు మూసుకుపోయింది. మరో వంతులో ఇస్పేటు తొమ్మిది పడేశాడు. ఇప్పుడు 7-8-9 పోయింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అతని దగ్గర 6-7-8 ఉండి ఉంటే తొమ్మిది దాని పక్కన అతుక్కునేది. లెక్కలోంచి తొమ్మిది తప్పించే ముక్కను ఎవడు వదులుకుంటాడు? అంటే 6-7-8 కూడా కాకపోవచ్చు. మిగిలింది 5-6-7. మూడు ముక్కల కదలికతో అతని చేతిలో ఒక మూల మనకు కనపడింది. ఇకమీదట ఇస్పేటు నాలుగు గానీ ఎనిమిది గానీ అతని ముందు పడేయకూడదు. మన దగ్గర ఇస్పేటు 3, 4 ఉండి అయిదు కోసం చూస్తున్నామనుకోండి, రెండు అయిదుల్లో ఒకటి అతని దగ్గర ఇరుక్కుంది. ఆ ఆశ సగానికి తగ్గించుకోవాలి.

నూటికి నూరుపాళ్లు నిజమా అంటే కాదు. ఏ ముక్క బదులైనా పనికొచ్చే జోకరు పెట్టి కట్టి ఉండవచ్చు. పొరపాటున పడేసి ఉండవచ్చు. అయితే ఈ విద్యలో కావలసింది ఖాయమైన జవాబు కాదు. నాలుగు దారులున్నచోట ఒకటిన్నర మిగిలిందా, అదే చాలు. పక్కవాడు ఇంకా నాలుగు దారుల్లోనే తిరుగుతుంటాడు.

పడేసే క్రమంలోనూ సమాచారం ఉంటుంది. మొదటి రెండు మూడు వంతుల్లో రాజు, రాణి, జాకీ పడితే అందులో వార్తేమీ లేదు. బరువు దించుకుంటున్నారు, అందరూ చేసేదే. మొదట్లోనే ఒకడు కళావరు నాలుగు పడేసి బొమ్మలను చేతిలో ఉంచుకున్నాడంటే మాత్రం చెవులు రిక్కించాలి. ఆ బొమ్మలకు ఏదో పని కుదిరింది. కట్ జోకరు, అంటే పంచాక పేకలోంచి తీసి ఆ అంకె ముక్కలన్నిటినీ జోకర్లుగా వాడుకునేది, ఎనిమిది పడిందనుకోండి. ఎనిమిదిని ఎవరూ సీక్వెన్సులో మామూలు ముక్కగా వృథా చేసుకోరు కాబట్టి ఏడు, తొమ్మిది కోరుకునేవాళ్లు తగ్గుతారు. అవి పడేయడం కాస్త నిశ్చింత. ఆసుకూ రెండుకూ రాజుకూ మూడు ముక్కల వరసలు రెండేసి మాత్రమే కుదురుతాయి, తక్కిన ముక్కలకు మూడేసి. ఇవన్నీ కాగితం మీద రాస్తే పావుపేజీ లెక్క. ఆట మధ్యలో, పక్కన పిల్లలు అరుస్తుంటే, టీ చల్లారిపోతుంటే గుర్తుంచుకోవడమే కష్టం.

ముఖం అసలు పనికిరాదా అని అడగొచ్చు. కొంచెం పనికొస్తుంది. నా దృష్టిలో ముఖం కంటే చెయ్యి ఎక్కువ చెబుతుంది. వంతు రాగానే చెయ్యి కింది ముక్క మీదికి వెళ్లి, ఆగి, పేక మీదికి మళ్లిందా, ఆ ముక్క అతనికి దగ్గర చుట్టమే, ఎత్తితే దొరికిపోతానని వదిలాడు. ఇది కూడా నటించేవాళ్లున్నారు, జాగ్రత్త.

కింద పడే ముక్కలను గుర్తుపెట్టుకోవడం అన్న ఈ సంగతి మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వెళ్లింది కూడా అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచే. సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు అని ఉండేది. పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. పాత నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం కింద మేజిస్ట్రేటు శిక్ష వేశారు. హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. అదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల కేసు. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట కాదు, ముక్కలు పడే తీరు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి నైపుణ్యమే ఎక్కువ అన్నది ఆ తీర్పు సారాంశం. ఇంతపెద్ద న్యాయస్థానం మా మామ చెప్పిన కారణమే చెప్పిందని తెలిసినప్పుడు నాకు ముచ్చటేసింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. క్లబ్బు నడిపేవాడు పందెపు ఆటలోంచి లాభం గుంజుతున్నాడని రుజువైతే అది నేరం కావచ్చు అని. రమ్మీ క్లబ్బులవాళ్లు మొదటి సగం గోడకు కట్టుకున్నారు, రెండో సగం మరచిపోయారు.

మూడు ముక్కలాటను ఆ తీర్పు వేరే వరుసలో పెట్టింది, పూర్తిగా అదృష్టం అని. ఇక లోపల-బయట ఆట ఉంది. మన పల్లెల్లో చెట్ల కింద పోలీసులు పట్టుకునేది తరచు ఇదే. కుప్పం దాటి తమిళ దేశంలోకి పోతే మంగాత్తా అంటారు. ఒక ముక్క తీసి, దాని జోడీ లోపల పడుతుందా బయట పడుతుందా అని కాయడం. ఇందులో చదవడానికి ఏముంది? ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఎన్నేళ్లు ఆడినా నేర్చుకునేది ఉండదు. తెల్లారేదాకా అక్కడ కూర్చున్నవాడు "ఇప్పుడు లోపలే పడాలి, నాలుగుసార్లు బయట పడింది" అంటుంటే జాలేస్తుంది. పేకకు జ్ఞాపకం లేదు.

మరి పోకర్ సంగతి? బెంగళూరులో, గోవాలో, అమెరికాలో ఉన్న మన కుర్రాళ్ల పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు మదనపల్లెలో కూడా వినిపిస్తోంది. మనిషికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. నడుమ అయిదు ముక్కలు అందరికీ కనిపించేలా, విడతలుగా తెరుస్తారు. ఇందులో ఎత్తడం లేదు, పడేయడం లేదు. మరి చదివేదేమిటి? పందెం. ఎప్పుడు పెంచాడు, ఎంత పెంచాడు, ఎప్పుడు నోరు మూసుకున్నాడు. మా వైపు పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. పక్కనున్నవాడికి వేళ్లు కనపడవు. కానీ ఎవరు ఎక్కడ చెయ్యి వెనక్కి లాగారో చూస్తూ నిలబడిన అనుభవజ్ఞుడు బేరం ఎంతకు తెగుతుందో చెప్పేస్తాడు. పోకర్ చదువు ఆ జాతిదే.

ఒక లెక్క చూడండి, కాగితం అక్కర్లేదు. ఎదుటివాడు జాగ్రత్తపరుడు. ఆసుల జత, రాజుల జత, రాణుల జత, లేదంటే ఆసు-రాజు ఉంటే తప్ప మొదట్లో పందెం పెంచడు. ఈసారి పెంచాడు. మన చేతిలో ఆసు, రాణి. నడుమ తెరిచినవి ఆసు, తొమ్మిది, నాలుగు. ఒక ఆసు మన దగ్గర, ఒకటి బల్ల మీద, మిగిలినవి రెండే. అతని దగ్గర ఆసుల జత ఉండే మార్గం ఒక్కటే. రాజుల జత ఆరు విధాలుగా ఉండొచ్చు. రాణుల జత మూడు విధాలు, ఒక రాణి మన దగ్గర ఉంది కాబట్టి. ఆసు-రాజు ఎనిమిది విధాలు. మొత్తం పద్దెనిమిది. ఇందులో మనల్ని కొట్టేవి ఆసుల జత, ఆసు-రాజు కలిపి తొమ్మిది. మనం కొట్టేవి తొమ్మిది. సరిసమానం. ఇప్పుడు అతను మళ్లీ భారీగా పందెం వేశాడు. బల్ల మీద ఆసు కనిపిస్తుంటే రాజుల జతవాడు అంత ధైర్యం చేస్తాడా? చాలామంది చేయరు. త్రాసు మొగ్గింది. మన రాణిని ఎంత ముద్దుగా చూసుకున్నా సరే, ముక్కలు దించేయడం మేలు. అతను జాగ్రత్తపరుడు కాకుండా దుడుకుమనిషి అయితే లెక్క మొత్తం మారిపోతుంది. ముక్కల కంటే ముందు మనిషి స్వభావం తెలియాలనేది అందుకే.

ఈ చదువుకు ముఖంతో పని లేదనడానికి గట్టి సాక్ష్యం ఒక యంత్రం. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము నలుగురు ఆరితేరిన పోకర్ ఆటగాళ్లతో 1,20,000 ఆటలు ఆడి గెలిచింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టువొమాస్ సాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన ప్రోగ్రాము అది. దానికి కళ్లు లేవు, ఎదుటివాడి చెమట కనపడదు. పందేల తీరు, లెక్క, అంతే. ఇంకో విశేషం, అది తన పందేలను ఎదుటివాడు చదవకుండా కలగాపులగం చేసేది. బాగున్న చేతితో ఒక్కోసారి ఊరుకోవడం, ఏమీ లేని చేతితో ఒక్కోసారి గద్దించడం. మనం ఎదుటి చేతిని చదువుతున్నంతసేపూ మన చేతిని అవతలివాడు చదువుతూనే ఉంటాడు. రమ్మీలో ఎర ముక్క వేయడం ఈ కోవలోదే. ఆఠీను తొమ్మిది కావలసినవాడు కళావరు తొమ్మిది పడేసి, తొమ్మిదులతో తనకు పని లేదని నమ్మిస్తాడు. నమ్మిన పక్కవాడు ఆఠీను తొమ్మిది జారవిడుస్తాడు.

కొత్త యంత్రం దాకా వెళ్లాం కాబట్టి పాత కథ దాకా కూడా వెళ్దాం. మహాభారతం అరణ్యపర్వంలో నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడనే రాజు దగ్గర రథం తోలుతుంటాడు. భార్య దమయంతికి రెండో స్వయంవరమని కబురు వస్తే ఇద్దరూ విదర్భకు బయల్దేరతారు. దారిలో ఒక తాండ్రచెట్టు కనిపిస్తుంది. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో పాటు వేస్తామే తానికాయ, ఆ చెట్టు. ఋతుపర్ణుడు దూరం నుంచి చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మక, రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్కపెడతాడు. సరిపోతుంది. అప్పుడు తన అశ్వహృదయం ఇచ్చి, అతని అక్షహృదయం నేర్చుకుంటాడు. అక్షహృదయమంటే పాచికల రహస్యం. దాంతోనే తర్వాత, తన రాజ్యం గెలుచుకున్న పుష్కరుణ్ణి ఓడించి రాజ్యం తిరిగి తెచ్చుకుంటాడు. జూదపు విద్యను చూపించడానికి కథకుడు మంత్రం ఎంచుకోలేదు, ముఖం చూసి మనసు కనిపెట్టడమూ ఎంచుకోలేదు. చెట్టుమీద కాయలు అంచనా కట్టడం ఎంచుకున్నాడు. సంభావ్యతా గణితం ఎలా పుట్టిందో 1975లో పుస్తకం రాసిన ఇయన్ హ్యాకింగ్ అనే తత్వవేత్త ఈ నలుడి కథ దగ్గర ఆగి ఆశ్చర్యపోయాడు. మనం ఈ కథ విన్నప్పుడల్లా నలుణ్ణి పట్టి పీడించిన కలిపురుషుడు వదిలిపోయిన సంగతే తలుచుకుంటాం, చెట్టు లెక్క సంగతి వదిలేస్తాం.

సరే, విద్య ఇంత గొప్పదైతే డబ్బు పెట్టి ఆడితే తప్పేమిటి? ఇక్కడ చాలామంది తర్కం తప్పుతారు. ఆటలో నైపుణ్యం ఉందన్నది ఒక మాట. నా దగ్గర ఆ నైపుణ్యం ఉందన్నది వేరే మాట. చెయ్యి చదవగలిగినవాడు చదవలేనివాడి మీద మాత్రమే గెలుస్తాడు. నలుగురూ సమానంగా చదవగలిగితే ముక్కలు ఎటు పడితే అటు గెలుపు. ఆ మధ్యలో ప్రతి ఆటకూ ఇంత అని తీసుకునే నిర్వాహకుడు ఉంటే, తెల్లారేసరికి నలుగురి జేబులూ పలచబడతాయి. ఫోనులో ఆడితే ఎదుట కూర్చున్నది ఎవరో కూడా తెలియదు. అతని స్వభావం తెలియకుండా అతని పందెం ఎలా చదువుతాం? రాత్రి రెండింటికి, నిద్రమత్తులో, పోయినది రాబట్టుకోవాలన్న కసితో ఉన్నవాడికి కింద పడిన ముక్కలు గుర్తుండవు. కోర్టు చెప్పిన నైపుణ్యం ఆ గంటలో అతని దగ్గర లేదు.

కోర్టులు కూడా ఒక్కమాట మీద లేవు. పోకర్‌ను నైపుణ్యంతో ఆడుకుంటే లైసెన్సు అక్కర్లేదని 2013లో కర్ణాటక హైకోర్టు అంది. 2017లో గుజరాత్ హైకోర్టు అది జూదమే అంది. అదే 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, నైపుణ్యమైనా అదృష్టమైనా, నిషేధమే. డబ్బు లేకుండా ఆడుకునే ఆటలకు అడ్డు లేదు.

చెయ్యి చదవడం వచ్చినవాణ్ణి గుర్తుపట్టడం ఎలాగో చెప్పి ముగిస్తాను. అతను ఎక్కువ ఆటలు గెలిచేవాడు కానక్కర్లేదు. ఎక్కువసార్లు ఆట మధ్యలోనే మానుకుని ముక్కలు దించేసేవాడు. పదమూడు ముక్కలాటలో మొదటే దించేస్తే ఇరవై, మధ్యలో దించేస్తే నలభై, ఎవరో షో చూపించేదాకా కూర్చుంటే ఎనభై దాకా లెక్క పడుతుంది. నాలుగుసార్లు మొదట్లోనే దించేసినా ఒక పూర్తి ఎనభైతో సమానం, అంతే. పక్కవాడి సీక్వెన్సు పూర్తయిందని, తనకు కావలసిన ముక్క అతని చేతిలో ఇరుక్కుందని తెలిసినవాడు నలభై ఇచ్చి లేస్తాడు. తెలియనివాడు ఇంకొక్క ముక్క, ఇంకొక్క ముక్క అంటూ ఎనభై మోస్తాడు.

ఇంట్లో పెద్దవాళ్లకు నా మనవి. సెలవుల్లో పిల్లలు పేక తీస్తే కసరకండి. చింతగింజలు పంచి పక్కన కూర్చోండి. ఎవరు ఏది పడేశారో ఆట మధ్యలో అడగండి, అవతలివాడి దగ్గర ఏముందనుకుంటున్నావు, ఎందుకు అనుకుంటున్నావు అని అడగండి. ఇంట్లో ఎవరైనా ఫోనులో డబ్బు పెట్టి ఆడుతూ మానలేకపోతున్నారనుకుంటే టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బేమీ తీసుకోరు.